మూడోపాటాయన

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఆ పేరుతోనే పిలుస్తారు. కానీ గిటార్లూ డ్రమ్ములూ మోగే చిన్న చిన్న హాళ్ళలో మాత్రం ఆయన మూడోపాటాయనే. వెనకాల అనేవాళ్ళు కొందరు, మొహం మీదే అనేవాళ్ళు కొందరు. ఆయన ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. లోలోపల కాస్త మురిసిపోయాడు కూడా అని ఆయన బావమరిది అంటాడు. ఆ మాటని కొట్టిపారేయలేం.

వారమంతా లిఫ్టు గోతుల్లోనూ మోటారు గదుల్లోనూ గ్రీజు పూసుకుని తిరిగే మనిషి, సెలవొస్తే ఉతికిన చొక్కా తొడుక్కుని ఇండీ రాక్ కచేరీలకి బయల్దేరేవాడు. ఇండీ రాక్ అంటే మరేం లేదు. పెద్ద కంపెనీల అండ లేకుండా ముగ్గురో నలుగురో చేరి, ఎవరింటి కారు షెడ్డులోనో పాటలు కట్టుకుని, తమ రికార్డు తామే వేసుకుని, తామే మోసుకెళ్ళి అమ్ముకునే బ్యాండ్ల సంగీతం. అదంటే ఆయన చెవి కోసుకుంటాడు. ఇంట్లో ముందు గదిలో ఒక గోడ నిండా నల్ల రికార్డులే. దుమ్ము దులపడానికి కూడా భార్యని వాటి మీద చెయ్యి వేయనివ్వడు. ఆవిడ కూడా "ఆ భాగ్యం నాకక్కర్లేదు" అని, మిగతా మూడు గోడలే తనవనుకుని కాపురం వెళ్ళదీస్తోంది.

ఇష్టపడి ఊరుకుంటే గొడవే లేదు. ఆయనకి ఇష్టం కన్నా అభిప్రాయాలు ఎక్కువ. రికార్డుకి రెండు వైపులుంటాయి కదా, మొదటి వైపు విని బాగుందనేవాణ్ణి ఆయన మనిషి కింద జమకట్టడు. మొదటి వైపు వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే ముందు గది, ఇంటి సంగతి తెలియాలంటే వంటింట్లోకి వెళ్ళాలి, అది రెండో వైపు అంటాడు. ఏ బ్యాండుకైనా చేతిలో ఏమీ లేనప్పుడు చేసిన మొదటి రికార్డే రికార్డట. రెండోదానికి చేతిలో కాస్త డబ్బాడుతుంది గనక అందులో వయొలిన్లు దూరతాయట. ముగ్గురు దాటిన బ్యాండులో నాలుగోవాడు ఎవరి తప్పో కప్పిపుచ్చడానికే చేరతాడట. ఆఖరి పాట అయ్యాక లైట్లార్పి లోపలికెళ్ళి, జనం గోల చేశాక మళ్ళీ వచ్చి పాడటం ఒట్టి నాటకం. పాటలు మిగిలుంటే పాడేసి పోవాలిగానీ బతిమాలించుకోవడమేమిటి? "మీలాంటి శ్రోతల్ని ఎక్కడా చూడలేదు" అని మైకులో చెప్పే గాయకుడు నిన్న ఇంకో హాల్లో కూడా అదే చెప్పొచ్చాడు.

శ్రోతల్ని మాత్రం వదిలాడా? ఫోను తల మీదికి ఎత్తిపట్టుకునేవాళ్ళు, తాళం రాకపోయినా చప్పట్లు కొట్టేవాళ్ళు, పాటకీ పాటకీ మధ్య తమకి కావలసిన పాట పేరు పెట్టి అరిచేవాళ్ళు, మెల్లని పాటలో దగ్గేవాళ్ళు, పాట నడుస్తుండగా తలుపు తోసుకుని లోపలికొచ్చేవాళ్ళు. వీళ్ళందరికీ ఆయన దగ్గర ఒకటే శిక్ష, బయటే ఉండాలి. ఇవన్నీ ఎవరో అడిగితే చెప్పేవి అనుకునేరు, అడక్కపోయినా ఏకరువు పెట్టేవాడు. బావమరిదికైతే కంఠతా వచ్చేశాయి. ఒక్కోసారి బావ మొదలుపెట్టిన వాక్యాన్ని వాడే పూర్తి చేసి, కూల్‌డ్రింకు తెచ్చుకోవడానికి పోయేవాడు.

అన్నిటికన్నా గట్టి అభిప్రాయం మూడో పాట గురించి. మొదటి పాట భయంలో కొట్టుకుపోతుంది. రెండోది అలవాటు మీద నడిచిపోతుంది. బ్యాండు అసలు రంగు బయటపడేది మూడో పాటలో. అందుకని ఏ హాలైనా సరే, ఎడమవైపున ఉన్న స్తంభానికో గోడకో ఆనుకుని, చేతులు కట్టుకుని, మూడో పాట దాకా కదలకుండా నిలబడేవాడు. నచ్చితే చివరిదాకా అక్కడే. నచ్చకపోతే ఆ పాట సగంలోనే, ఎవరినీ తోసుకోకుండా, మొహంలో ఏదీ కనబడనీయకుండా నడిచి వెళ్ళిపోయేవాడు. మొదట్లో ఈ సంగతి బావమరిదికి ఒక్కడికే తెలుసు. బావని వదల్లేక వెనకాలే వచ్చేసి, దారంతా సణుక్కునేవాడు వాడే. రానురాను తరచుగా వచ్చేవాళ్ళు కనిపెట్టారు. మూడో పాట మొదలవగానే తలలు ఆయన వైపు తిరిగేవి. ఆయన కదిలితే ఆయన వెనక పదిమంది కదిలేవాళ్ళు. ఇది బ్యాండ్ల చెవిన కూడా పడి, ఉన్నవాటిలో గట్టి పాటని మూడోదిగా పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆయన ఎవరికీ పెత్తనం ఇమ్మని అడగలేదు. ఇచ్చాక వద్దని కూడా అనలేదు.

ఇంతటి మనిషికి ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. పాకే వయసు నుంచీ ఆ రికార్డుల గోడ కిందే పెరిగిన పిల్ల, గిటారు పట్టుకుందంటే వింతేముంది? స్కూలు చదువు అయిపోయే రోజుల్లో సొంతంగా మూడు పాటలు కట్టి, ఒక సాయంత్రం తండ్రిని ముందు గదిలో కూర్చోబెట్టి వినిపించింది. మొదటిది విన్నాడు. రెండోది విన్నాడు. మూడోది సగంలో ఉండగా లేచి, చెప్పులు వేసుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆయన దృష్టిలో అది గౌరవం. కూతురు కదా అని తల నిమిరి మెచ్చుకోకుండా, నిజం బ్యాండుని చూసినట్టే చూశాడు. ఈ ముక్క ఆయన భార్యకి చెప్పి చూడండి! ఆవిడ చాలా రోజులు ఆయనతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.  పిల్ల గిటారుని సంచిలో పెట్టి బీరువా మీద పడేసింది. అది ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉంది. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఆయన తల దించుకునే వెళ్ళేవాడు. చేసింది తప్పని ఎప్పుడో తెలిసిపోయింది. అన్ని అభిప్రాయాలు చెప్పిన నోటికి ఆ ఒక్క మాట చెప్పడం చేతకాలేదు.

ఇంతలో ఆ పిల్లకి బేకరీలో పనిచేసే ఒకమ్మాయితో స్నేహం కుదిరింది. ఆ అమ్మాయి డ్రమ్స్ వాయిస్తుంది. ఇద్దరూ కలిసి ఎక్కడి నుంచో బేస్ గిటారు వాయించే ఒక పొడుగాటి మనిషిని పట్టుకొచ్చారు. బీరువా మీది సంచి కిందికి దిగింది. బేకరీ వెనక పిండి బస్తాల గదిలో సాధన చేసేవాళ్ళు. ఇంటికొచ్చేసరికి పిల్ల జుట్టు నిండా పిండి, మొహం నిండా వెలుగు. కొన్నాళ్ళకి, ఒకప్పుడు అచ్చు యంత్రాలు నడిచిన పాత హాల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ మొదటి కచేరీ ఖాయమైంది.

ఆ కబురు తెలిసిన రోజున భార్య ఆయన్ని వంటింట్లో పట్టుకుంది.

"మీకో మాట చెప్పాలి. నేను చెప్పానని దానితో అనకండి."

"చెప్పు."

"ఈసారి కూడా కుదరకపోతే ఆ గిటారు అమ్మేస్తానంది. ఇంక జన్మలో ముట్టనంది. ఉత్తుత్తినే అనే పిల్ల కాదు, మీకు తెలుసుగా."

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దనే చెప్తున్నాను. మీరు మూడో పాటకి బయటికొచ్చారా, అట్నుంచి అటే పొండి. ఇంటికి రానక్కర్లేదు."

కూతురు అంత దూరం పోలేదు. రాత్రి భోజనాల దగ్గర తల ఎత్తకుండానే చెప్పింది.

"వస్తే రా నాన్నా. కానీ ఏమీ అనకు. ముందూ అనకు, తర్వాతా అనకు. మధ్యలో లేచిపోకు."

"అలాగేనమ్మా."

"మూడో పాట గట్టిది పెడదామని మావాళ్ళు ఒకటే గోల. నేను ఒప్పుకోలేదు. మా పాటలన్నిట్లోకీ మెల్లనిది పెట్టాను. నీకోసం పాటలు పేర్చుకోను నేను."

'మంచిపని చేశావు' అని నాలుక చివరిదాకా వచ్చింది. అది కూడా అభిప్రాయమేనని గుర్తొచ్చి, "ఆ మంచినీళ్ళు ఇలా అందుకో" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఫోనొచ్చింది. ఒక పాత మేడలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల మనుషులు లేరుగానీ మేడ మీద ఒక ముసలావిడ ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళక తప్పలేదు. అడుగున గోతిలోకి దిగి చూస్తే ఏళ్ళనాటి చెత్త, దాని మీద బ్రేకుల నుంచి రాలిన నల్లటి పొడి. ఎప్పుడూ ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని దిగే మనిషి, ఆ రోజు కచేరీ ధ్యాసలో కట్టుకోలేదు. లిఫ్టు కదిలింది. ముసలావిడ దిగివచ్చింది. ఈయన ఇంటికొచ్చి రెండుసార్లు ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బావమరిదిని వెంటబెట్టుకుని హాలుకి చేరాడు. భార్యకి తను పనిచేసే నర్సింగ్ హోములో ఆ పూట డ్యూటీ పడింది. లేకపోతే ఆవిడే ఆయన పక్కన కాపలా నిలబడేది.

నేల మీద ఇంకా సిరా మరకలున్న హాలు అది. వరసగా ఇనప స్తంభాలు. బయటి చప్పుడు లోపలికి రాకుండా, లోపలి చప్పుడు బయటికి పోకుండా తలుపుకి లోపలివైపు ముతక తెర వేలాడదీశారు. జనం బాగానే వచ్చారు. కొందరు బ్యాండు కోసం వచ్చారు. చాలామంది మూడోపాటాయన సొంత కూతుర్ని ఏం చేస్తాడో చూద్దామని వచ్చారు. రికార్డుల దుకాణం నడిపే లావుపాటాయన కుటుంబంతో సహా దిగాడు. మన మనిషి ఎడమవైపు స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. కూతురు మధ్యలో. మొదటి పాట తప్పులు లేకుండా నడిచింది. రెండోది కూడా అంతే. శ్రుతి సరిగ్గా ఉంది, మాటలు స్పష్టంగా ఉన్నాయి, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అయినా వింటుంటే పరీక్షలో జవాబులు ఒప్పజెపుతున్నట్టుంది. ప్రతి చరణం చివరా ఆ పిల్ల కళ్ళు స్తంభం మీద వాలుతున్నాయి. 'ధైర్యం కోసం చూస్తోంది పాపం' అనుకుని ఆయన మొహానికి ఒక చిరునవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. అలవాటు లేని పని కదా, పంటినొప్పి వచ్చినవాడిలా ఉన్నాడని బావమరిది తర్వాత చెప్పాడు.

మూడో పాట మొదలైంది. గిటారు మీద ఒక్క తీగ, దాని వెంట సన్నగా గొంతు. డ్రమ్స్ అమ్మాయి కర్రలు పక్కన పెట్టేసి చేతివేళ్ళతో తడుతోంది. తీగల మీద వేళ్ళు జారే చప్పుడు కూడా స్తంభం దాకా వినబడుతోంది. అలవాటు ప్రకారం తలలు అటు తిరిగాయి.

పాట బాగుంది. ఆయన మాటలు వెతుక్కోకముందే ఒళ్ళు పులకరించింది. స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే గొంతులో ఏదో పాకింది.

మింగాడు. మళ్ళీ మింగాడు. పొద్దుటి నల్లపొడి గొంతులో ఏ మూల నక్కిందోగానీ మెలికలు తిరుగుతోంది. ఊపిరి బిగబట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మొహం కందగడ్డలా అయింది. బావమరిది "ఏంటి బావా?" అని గుసగుసలాడాడు. జవాబివ్వడానికి నోరు తెరిస్తే ఖాయంగా దగ్గొస్తుంది. ఒక్క దగ్గు చాలు, ఆ నిశ్శబ్దం పగిలిపోతుంది. పాట మధ్యలో పిల్ల గొంతు తడబడుతుంది. ఉంటే పాట పోతుంది, వెళ్తే ఇచ్చిన మాట పోతుంది. ఆలోచించుకునే వ్యవధి లేదు. ఆయన పాట పక్షం వహించాడు. అందరూ చూస్తుండగా గబగబా నడిచి, తెర తప్పించుకుని, తలుపు తోసుకుని బయటపడ్డాడు.

బయట వరండాలో గోడ పట్టుకుని దగ్గాడు. పేగులు నోట్లోకి వచ్చేలా దగ్గాడు. టికెట్లు చూసే ఆవిడ కంగారుపడి తన నీళ్ళ సీసా అందించింది. రెండు గుక్కలు తాగేలోగా తలుపు తెరుచుకుంది. రికార్డుల దుకాణం ఆయన, ఆయన వెనక భార్య, వాళ్ళ వెనక ఇంకా నలుగురైదుగురు.

"నాకూ అదే అనిపించింది సార్," అన్నాడు దుకాణం ఆయన గొంతు తగ్గించి. "మరీ నీరసంగా ఉంది కదూ?"

ఈయనకి మాట పెగలడంలేదు. కాదు కాదని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"అంత ఘోరమా సార్?"

ఇంకా గట్టిగా ఊపాడు. దుకాణం ఆయన భార్య "అయ్యో పాపం" అంది.

చివరికి కాస్త గొంతు దొరికింది. "దగ్గు," అన్నాడు. "దగ్గయ్యా బాబూ! దగ్గొచ్చి వచ్చాను. పాట చాలా బాగుంది. మీరు లోపలికి పొండి!"

దుకాణం ఆయన ఈయన భుజం మీద చెయ్యి వేశాడు. "తెలుసు సార్. సొంత పిల్ల. ఆ స్థానంలో ఎవరున్నా ఇలాగే అంటారు."

ఇన్నేళ్ళూ నోరు తెరవకుండా నడిచి వెళ్ళిపోతే వేదవాక్కు అనుకున్నారు. ఇప్పుడు నోరు తెరిచి నిజం చెప్తే ఒక్కరూ నమ్మడంలేదు. ఆయనకి భయం వేసింది. పిల్ల స్టేజీ మీద నుంచి తను వెళ్ళడం చూసే ఉంటుంది. వీళ్ళు వెళ్ళడం కూడా చూసే ఉంటుంది. ఇంటికెళ్ళగానే గిటారుని సంచిలో కుక్కేస్తుంది, ఈసారి బీరువా ఎక్కించడం కూడా ఉండదు. తలుపు దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ గొంతులో పాకింది. వెనక్కొచ్చి దగ్గాడు. ఇంకోసారి వెళ్ళాడు. మళ్ళీ అదే. ఆ ముతక తెరా తలుపూ దాటి పాట ఒక్క ముక్క వినబడదు, అడుగున బేస్ గిటారు దడదడ తప్ప. తను ప్రాణం పోయినా చెడగొట్టకూడదనుకున్న పాట, తనకి వినబడకుండానే అయిపోయింది. చప్పట్లు వినిపించాయిగానీ అవి ఎలాంటి చప్పట్లో తెలియలేదు.

అంతలో డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. నాలుగో పాట. ఆ చప్పుడులో దగ్గితే మాత్రం ఎవడికి వినబడుతుంది? పాట నడుస్తుండగా లోపలికి రాకూడదన్నది ఆయనే పెట్టిన నియమం. దాన్ని గాలికొదిలేసి తలుపు తోశాడు. ఆయన వెళ్తే వాళ్ళు ఆగుతారా, దుకాణం ఆయనా మిగతావాళ్ళూ బిలబిలమంటూ వెనకే వచ్చారు.

తెర పక్కకి లాగి రెండడుగులు వేశాడు. స్తంభం దగ్గరికి పోయి, ఆ పిల్లకి ఎదురుగా నిలబడి, ఇదుగో వచ్చేశానమ్మా అని తెలియజేయాలని ఆయన తొందర. అక్కడే ఆగిపోయాడు.

స్టేజీ మీద ఉన్నది ఇందాకటి పిల్ల కాదు. కాళ్ళు ఎడంగా పెట్టి, తల వంచుకుని, గిటారుని ఒళ్ళో పిల్లని ఆడించినట్టు ఆడిస్తోంది. పాడుతూ పాడుతూ ఒక చోట తప్పు తీగ మీటింది. మీటినదానికి సిగ్గుపడకుండా నవ్వేసి, ఆ తప్పు తీగనే ఇంకోసారి కావాలని మీటింది. డ్రమ్స్ అమ్మాయి పెద్దగా నవ్వి దాన్ని అందుకుంది. పొడుగాయన వాళ్ళ వెనక పరుగెత్తాడు. ముందు వరసలో జనం ఊగుతున్నారు. చరణం అయింది. ఆ పిల్ల కళ్ళు స్తంభం వైపు వెళ్ళలేదు. ఇంకో చరణం అయింది. అప్పుడూ వెళ్ళలేదు. అక్కడ బావమరిది ఒక్కడే దిక్కులు చూస్తూ నిలబడి ఉన్నాడు.

ఆయనకి అర్థమైంది. మొదటి రెండు పాటల్లో ఆ పిల్ల చూసింది ధైర్యం కోసం కాదు. తను వెళ్ళిపోతాడేమోనని చూసింది. ఇప్పుడు వెళ్ళిపోయాడు. ఇంక చూడాల్సిన పనిలేదు. ఆ తెలివిడి మెత్తగా రాలేదు, గుండెలో గునపం దిగినట్టు వచ్చింది. తన పిల్ల ఇంత బాగా వాయించడానికి కావలసింది, తను లేకపోవడం.

ఇప్పుడు నాలుగడుగులు వేస్తే చాలు, పిల్ల చూస్తుంది. తన మీద పడ్డ మచ్చ తుడిచిపెట్టుకుపోతుంది. ఆ కళ్ళు మాత్రం మళ్ళీ స్తంభానికి కట్టుబడిపోతాయి. ఆయన వేసిన రెండడుగులూ వెనక్కి వేశాడు. తెర మడతలో, ఒక ఎత్తైన మనిషి వీపు వెనక ఇమిడి నిలబడ్డాడు. ముందుకి పోబోతున్న దుకాణం ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, చెవిలో చెప్పాడు.

"నేను లోపలికొచ్చినట్టు ఎవరితోనూ అనకు. మా అమ్మాయితో అసలనకు."

"ఎందుకు సార్?"

"అనకంటే అనకు. మీవాళ్ళనీ అననివ్వకు. విను."

విన్నాడు. మన మనిషి కూడా రుమాలు నోట్లో కుక్కుకుని, మిగతా పాటలన్నీ ఆ ముతక తెర కంపు పీలుస్తూ విన్నాడు. అభిప్రాయాలు రాలేదని కాదు. వచ్చాయి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఐదో పాటలో డ్రమ్ము కాస్త పరుగెత్తింది, దానివల్ల పాట బాగుపడింది. ఆరోదానిలో బేస్ గిటారు ఒకచోట ఊరుకుంది, అలా ఊరుకోవడం తెలిసినవాళ్ళు తక్కువ. చివరి పాట నిడుపాటిది. ముగుస్తుందనుకున్న చోట ముగియలేదు, ఇంకో మలుపు తిరిగి, ఎంతసేపు ఉండాలో అంతసేపే ఉండి ఆగింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి దగ్గు వల్ల కాదు. జనం అరుపులు ఇంకా మొదలవుతుండగానే తెర తప్పించుకుని బయటికొచ్చి, వీధి దాటి, మూసి ఉన్న సైకిళ్ళ దుకాణం అరుగు మీద కూర్చున్నాడు.

మొదట బావమరిది వచ్చాడు. "ఏం మనిషివి బావా నువ్వు! ఈ ఒక్క రోజు నిలబడలేకపోయావా? అక్కకి ఏం చెప్తావో చెప్పుకో, నన్ను మాత్రం లాగకు" అని కడిగేసి, డ్రమ్ములు ఎక్కించడానికి వ్యాను దగ్గరికి పోయాడు. 

చాలాసేపటికి కూతురు వచ్చింది. భుజాన గిటారు సంచి. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుని ఉంది. ఎదురుగా వచ్చి నిలబడింది.

"పద," అంది.

ఆయన లేచి సంచి కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. ఇద్దరూ నడిచారు. ఎండ మేడల మీదికి ఎక్కింది. దుకాణాలు చాలావరకు మూసి ఉన్నాయి. వీధి మలుపు తిరిగారు.

"మాటిచ్చావు," అంది పిల్ల చివరికి.

"దగ్గొచ్చిందే తల్లీ. పొద్దున గోతిలో దుమ్ము మింగాను. అంత మెల్లని పాటలో దగ్గితే నీ పాట పాడైపోతుందని..." మాట పూర్తి కాకుండానే నిజంగానే దగ్గు తెరలు తెరలుగా ముంచుకొచ్చింది. దీపస్తంభం పట్టుకుని వంగిపోయాడు. పిల్ల గాభరాపడి వీపు రాసింది. తగ్గాక ఆయన మొహం చూసి, ఒక్కసారిగా పక్కున నవ్వింది.

"నిజంగా దగ్గేనా! నేనింకా..."

"దగ్గే. ఒట్టు."

"నువ్వు పోవడం చూశాను నాన్నా.  పాట ఎలా ముగించానో నాకే తెలీదు. అయిపోయిందిలే, ఎలాగూ అమ్మేసేదేగా, ఈ పూటకి మాత్రం నాకు నచ్చినట్టు వాయించేస్తాను అనుకున్నాను. ఇంక చూసేవాళ్ళు లేరు కదా అని." ఆగి, సంచి సర్దుకుంది. "అమ్మనులే ఇంక. నువ్వేమన్నా సరే అమ్మను."

"నేనేమీ అనలేదుగా."

"అనలేదు, నిజమే." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అడిగింది. "మరి దగ్గు తగ్గాక లోపలికి రావచ్చుగా?"

ఆయనకి జవాబు వెతుక్కోనక్కర్లేకపోయింది. "పాట నడుస్తుంటే ఎలా వస్తాను? తలుపు తెరిస్తే వెలుతురు పడుతుంది."

"నువ్వూ నీ రూల్సూ!" పిల్ల నెత్తి కొట్టుకుంది. కోపం పోయి జాలి వచ్చింది గొంతులోకి. "నాలుగో పాట నువ్వు వినాల్సింది నాన్నా. అయ్యో, అది ఒక్కటైనా వినాల్సింది. ఇన్నాళ్ళ సాధనలో ఎప్పుడూ అలా రాలేదు."

 తప్పు తీగ దగ్గర నవ్వావే, అది రెండోసారి మీటావే, అక్కడ నా ప్రాణం లేచొచ్చిందే అని ఆయనకి అరవాలనిపించింది. అలా అంటే వచ్చేసారి తెర మడతల్లో కూడా ఆ కళ్ళు తనని వెతుక్కుంటాయి.

"పోగొట్టుకున్నాను," అన్నాడు. "ఎలా జరిగిందో చెప్పు. మొదటి నుంచీ చెప్పు."

పిల్ల గిటారు సంచి తీసి ఆయన చేతికిచ్చింది, చెప్పడానికి చేతులు రెండూ కావాలి మరి. నాలుగో పాట నుంచీ ఎత్తుకుంది. ఎక్కడ తప్పు తీగ మీటిందీ, డ్రమ్స్ అమ్మాయి ఎలా అందుకుందీ, పొడుగాయన ఎక్కడ మరిచిపోయి ఊరుకుంటే అదే బాగా వచ్చిందీ. నోటితో డ్రమ్ములు మోగిస్తూ, గాల్లో తీగలు మీటుతూ, రోడ్డు దాటేటప్పుడు కూడా ఆపకుండా. ఐదో పాటలో డ్రమ్ము పరుగెత్తి పాటని చెడగొట్టిందంది. ఆయన "ఊఁ" అన్నాడు. ముందు వరసలో ఒకాయన చప్పట్లు తాళం తప్పి కొట్టాడని విసుక్కుంది. మైకు మనిషి గొంతు తక్కువ పెట్టాడంది, స్టేజీ అంత ఎత్తు ఉండకూడదంది. ఇంకో మూడు హాళ్ళు బాగుంటాయో బాగుండవో కూడా తేల్చిపారేసింది. ఆయన ఒక్కదానికీ అడ్డు రాలేదు.

ఇంటి సందు కనబడుతుండగా ఆ పిల్ల ఊపిరి తీసుకుంది.

"చివరి పాట ఒక్కటే కొంచెం సాగదీశాం. వినేవాళ్ళకి విసుగొచ్చి ఉంటుంది."

ఆ పాట ఒక్క క్షణం కూడా సాగలేదు. ఆయన గిటారు సంచిని రెండో భుజానికి మార్చుకున్నాడు.

"అలాగా," అన్నాడు. "తర్వాత?"